ఐ-130 ఆమోదం వచ్చాక...

ప్రశ్న: మావారు అమెరికా పౌరుడు. మాకు పెళ్లయి ఏడాదిన్నర. నా కోసం ఆయన వేసిన ఐ-130 (భార్యను అమెరికా తీసుకెళ్లడానికి పెట్టే పిటిషన్) ఆమోదమైంది. నేను గుంటూరులో అత్తగారింట్లో ఉంటున్నాను. నా బర్త్ సర్టిఫికెట్‌లో పేరు లేదు, ‘ఆడ శిశువు’ అనే ఉంది. ఈలోగా విజిటర్ వీసా మీద వెళ్లిరావచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ సర్టిఫికెట్ సంగతి చూడండి. మీరు పుట్టిన ఊరి మున్సిపాలిటీ లేదా పంచాయతీలో పేరు చేర్పించుకోండి. ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా, ఇక్కడ పొడి అక్షరంగా ఉంటే మళ్లీ చిక్కే. అక్షరం అక్షరం సరిచూసుకోండి. కాగితం తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం, దానిమీద అనువాదకుడి ధ్రువీకరణ కావాలి. పెళ్లికి రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్టే చెల్లుతుంది. శుభలేఖ, ఫొటోలు అదనపు సాక్ష్యం మాత్రమే.

ఎన్‌వీసీకి (అమెరికా నేషనల్ వీసా సెంటర్) 325, 120 డాలర్ల ఫీజులు కట్టాకే డీఎస్-260 (వలస వీసా దరఖాస్తు), ఐ-864 (పోషణ హామీ పత్రం) పెట్టగలరు. ఆదాయం చూపే ఐ-864 మీవారి పని. ఇంటర్వ్యూ ముంబయిలో.

విజిటర్ వీసాకు చట్టం అడ్డులేదు కానీ, అక్కడే స్థిరపడతానని మీ పిటిషనే చెబుతోంది. 214(బి) (తిరిగొస్తారన్న నమ్మకం లేకపోతే వీసా నిరాకరించే సెక్షన్) కింద తిరస్కరించే అవకాశమే ఎక్కువ, కట్టిన ఫీజు తిరిగిరాదు. మీవారినే సెలవుపెట్టి రమ్మనండి; ఆ టికెట్లు, వీసా ముద్రలు ఇంటర్వ్యూలో పనికొస్తాయి కూడా.

ఇంకో మాట. పెళ్లయిన రెండేళ్లలోపు అక్కడ దిగితే రెండేళ్ల షరతు గ్రీన్‌కార్డే ఇస్తారు. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 (షరతు తీసేయమనే దరఖాస్తు) వేయాలి. రెండేళ్లు దాటాక దిగితే పదేళ్ల కార్డు. అప్పుడు వీసా మీద సీఆర్-1 (షరతు ఉన్న రకం) అని ఉన్నా, విమానాశ్రయంలో అధికారికి పెళ్లి తేదీ చూపించి ఐఆర్-1గా (షరతు లేని రకం) మార్చమని అడగండి.