బ్యాండికూట్ మన పందికొక్కే

బ్యాండికూట్ అనేది ఆస్ట్రేలియా ఆదివాసుల మాటా అని అడిగారు. కాదండీ, అది అచ్చంగా మన పందికొక్కు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా తెలుగు అనే రాస్తుంది. మనవాళ్ళే "ఏదో ఇండియన్ పదంలెండి" అని తేల్చేస్తారు, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. హిందీలో దాన్ని ఘూస్ అంటారు, తమిళంలో పెరుచ్చాళి. వాటిలోంచి బ్యాండికూట్ ఎలా వస్తుంది చెప్పండి?

అసలు ఆ జంతువుని దగ్గర్నుంచి చూస్తే పేరు ఎంత సరిగ్గా పెట్టారో తెలుస్తుంది. తెనాలి దగ్గర మా పొలంలో కోతలయ్యాక గట్ల మీద బొరియలు తవ్వించేవారు. ఒకసారి నాన్నతో నేనూ వెళ్ళాను. యానాది పెద్దాయన ఒకాయన మిగతా కన్నాలన్నీ మట్టితో మూసేసి, గడ్డి కుక్కిన కుండకి నిప్పు పెట్టి, దాని మూతిని ఒక కన్నానికి ఆనించి, అడుగున ఉన్న చిల్లులోంచి బుగ్గలు ఉబ్బేలా పొగ ఊదాడు. కాసేపటికి మట్టి తోసుకుని ఇంకో పక్కనుంచి బయటికొచ్చింది, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, గుర్రుగుర్రుమంటూ. కళ్ళు మూసుకుని వింటే పందిపిల్లే అనుకుంటారు. తర్వాత గునపంతో తవ్వితే లోపల అరలో కొరికి దాచుకున్న వరి కంకులు, బుట్టెడు ఉన్నాయి. అవి ఆయనకే, మా ఊళ్ళో ఆనవాయితీ అది. "పందికొక్కులా మెక్కుతున్నావ్" అని పిల్లల్ని తిట్టేవాళ్ళలో సగం మంది దాన్ని చూసి ఉండరు.

ఇంగ్లిషువాళ్ళు 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. గిడ్డంగుల్లో సరుకు కొరికేసే దీని పేరు అక్కడే మనవాళ్ళ నోట విని ఉంటారు, 'ప' కాస్తా వాళ్ళ నోట్లో 'బ' అయింది. ఇంకెక్కడో విన్నారంటే నేను ఒప్పుకోను. తర్వాత ఆస్ట్రేలియా వెళ్ళిన తెల్లవాళ్ళు మూతి పొడుగ్గా ఉండి నేల తవ్వే జంతువుని చూసి అదే పేరు తగిలించారు. నిజానికి దానికి కడుపు దగ్గర సంచి ఉంటుంది, ఎలుక జాతే కాదు, కంగారూకి దూరపు చుట్టం. అక్కడ ఆ మాట క్రియ కూడా అయింది: మొక్క పైకి కదలకుండా కింద బంగాళాదుంపలు దొంగతనంగా తవ్వుకుపోవడాన్ని బ్యాండికూట్ చేయడం అంటారు.

1996లో క్రాష్ బ్యాండికూట్ అనే వీడియో గేమ్ వచ్చింది. అది ఆడుతూ పెరిగిన మా తమ్ముడి బ్యాచ్‌కి ఈ సంగతి చెప్తే ఒక్కడూ నమ్మలేదు, నిఘంటువు తెరిచి చూపించాల్సి వచ్చింది.