తర్వాత మారబోయే హార్డ్‌వేర్ ఏదో ముందుగా పసిగట్టవచ్చా?

మీరు కొనాలనుకుంటున్న ల్యాప్‌టాప్ మోడల్ వచ్చి పదహారు నెలలైందనీ, కొత్తది రేపో మాపో వస్తుందని తెలిసినవారందరూ అంటున్నారనీ, ఏ హార్డ్‌వేర్ ఎప్పుడు మారుతుందో ముందుగా తెలుసుకునే పద్ధతి ఉంటే చెప్పమనీ అడిగారు. పుస్తకాల పేజీలు కూర్చడం, వీడియోలు ఎడిట్ చేయడం వృత్తిగా ఉన్న ఒక చిన్న బృందానికి పన్నెండేళ్ళుగా కంప్యూటర్లు ఎంపిక చేసే బాధ్యత నాది. తర్వాత ఏది మారుతుందనుకున్నానో, ఎందుకనుకున్నానో తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం, ఆ తర్వాత నిజంగా జరిగినదాన్ని దాని పక్కనే నమోదు చేయడం మొదటి నుంచీ నాకున్న అలవాటు. ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకునే ఈ జవాబు రాస్తున్నాను.

అందులో తప్పిపోయిన అంచనాల్లో ఎక్కువ భాగానికి కారణం ఒక్కటే: మోడల్ వచ్చి ఎన్ని నెలలైందో లెక్కపెట్టి, పాతబడింది కాబట్టి ఇక మారుతుందని అనుకోవడం. మీ మిత్రులు చేస్తున్నదీ ఇదే. ఆపిల్ కంపెనీ 2013 చివర్లో తెచ్చిన స్తూపాకారపు డెస్క్‌టాప్ కంప్యూటరు మ్యాక్ ప్రోకు వారసుడు 2019 డిసెంబరులో గానీ రాలేదు. 2014 అక్టోబరు నాటి దాని చిన్న డెస్క్‌టాప్ మ్యాక్ మినీ నాలుగేళ్ళపాటు అలాగే అమ్ముడైంది. మరోవైపు 2023 జనవరిలో ఎం2 ప్రో, ఎం2 మ్యాక్స్ చిప్‌లతో వచ్చిన మ్యాక్‌బుక్ ప్రో స్థానంలోకి అదే ఏడాది అక్టోబరులో ఎం3 తరం వచ్చేసింది. ఒకే కంపెనీలో ఒకదానికి ఆరేళ్ళు, మరొకదానికి తొమ్మిది నెలలు. ఈ రెంటికీ సగటు కట్టి మూడో యంత్రం గురించి చెప్పేది కాకిలెక్కే అవుతుంది.

మ్యాక్ ప్రో ఎందుకు ఆగిపోయిందో చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. అందులో ఒక ప్రాసెసర్, రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఒకే లోహపు దిమ్మె చుట్టూ అమరి ఉండేవి. ఆ దిమ్మె ద్వారానే మూడింటి వేడీ బయటికి పోవాలి. కానీ ఆ తర్వాతి ఏళ్ళలో పరిశ్రమ రెండు మధ్యరకం గ్రాఫిక్స్ చిప్‌ల బాటను వదిలి, చాలా వేడి పుట్టించే ఒకే పెద్ద చిప్ వైపు వెళ్ళింది. దాన్ని ఆ ఆకారంలో ఇమడ్చడం కుదరదని ఆపిల్ అధికారులే 2017 ఏప్రిల్‌లో కొందరు పాత్రికేయులను పిలిచి చెప్పారు. అంటే ఆ యంత్రం గడువు తీరడం కోసం ఎదురుచూడడం లేదు, మొత్తంగా కొత్త రూపకల్పన కోసం ఎదురుచూస్తోంది. ఈ సంగతి చదివినప్పటి నుంచి నేను ఒక మోడల్‌కు వయసెంత అని చూడడం మానేసి, అది దేనికోసం ఆగి ఉంది అని చూడడం మొదలుపెట్టాను. నా నోటుపుస్తకంలో ఒప్పుల సంఖ్య పెరిగింది కూడా అక్కడి నుంచే.

ల్యాప్‌టాప్ తన ప్రాసెసర్ కోసం ఆగుతుంది. ఆ ప్రాసెసర్, దాన్ని అచ్చు వేసే కర్మాగారంలో కొత్త ప్రక్రియ సిద్ధమయ్యేదాకా ఆగుతుంది. ఈ ప్రక్రియలకు నానోమీటర్లలో పేర్లు పెడతారు; అంకె తగ్గేకొద్దీ ప్రక్రియ కొత్తదని అర్థం. తైవాన్‌కు చెందిన చిప్‌ల తయారీ సంస్థ టీఎస్ఎంసీ తన 3 నానోమీటర్ల ప్రక్రియలో భారీ ఉత్పత్తి మొదలైందని 2022 డిసెంబరు చివర్లో ప్రకటించింది. 2023 సెప్టెంబరులో ఆ ప్రక్రియతో తయారైన ఏ17 ప్రో చిప్ ఐఫోన్‌లో వచ్చింది, అక్టోబరు ఆఖరున ఎం3 మ్యాక్‌లు వచ్చాయి. కర్మాగారం వార్తను పట్టించుకున్నవారికి ఆ ఏడాది శరదృతువులో వచ్చిన మార్పు ఆశ్చర్యం కలిగించి ఉండదు. ఆ ఒక్క అంచనా మాత్రం నా పుస్తకంలో నెలతో సహా సరిపోయింది.

ఇదే సూత్రం తెలియక అంతకు ముందు నేను ప్రాసెసర్ల కంపెనీ ఇంటెల్ విషయంలో వరుసగా మూడేళ్ళు పొరబడ్డాను. 2007 నుంచి ఆ కంపెనీ ఒక ఏడాది ప్రక్రియను కుదించడం, మరుసటి ఏడాది ప్రాసెసర్ నిర్మాణాన్ని మార్చడం అనే లయను పాటించింది. 2016లో ఆ లయను వదిలేస్తున్నట్టు తానే తెలిపింది. అయినా నేను డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వచ్చే ఏడాది 10 నానోమీటర్లకు వెళ్తాయని రాయడం, ఏడాది చివర దాన్ని కొట్టివేయడం, మళ్ళీ అదే రాయడం జరిగింది. 2015 ఆగస్టు నాటి స్కైలేక్ నుంచి 2021 మార్చి నాటి రాకెట్ లేక్ వరకూ ఇంటెల్ ప్రధాన డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 14 నానోమీటర్ల దగ్గరే ఉండిపోయాయి. కొత్త ప్రక్రియలో లోపం లేని చిప్‌లు తగినన్ని రాకపోతే, క్యాలెండరులో ఎన్ని పేజీలు తిరిగినా ప్రయోజనం లేదు.

అయితే ప్రక్రియ మారకపోయినా యంత్రం మారే సందర్భం ఒకటుంది. అది పోటీ. ఇంటెల్ సాధారణ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు దాదాపు పదేళ్ళు నాలుగు కోర్లను (ప్రాసెసర్‌లో ఒకేసారి విడివిడిగా పనిచేసే భాగాలను) దాటలేదు. 2017 మార్చిలో దాని ప్రత్యర్థి ఏఎండీ ఎనిమిది కోర్ల రైజెన్ ప్రాసెసర్‌ను తేగానే, అదే ఏడాది అక్టోబరులో ఇంటెల్ ఆరు కోర్ల ప్రాసెసర్లను అదే 14 నానోమీటర్ల మీద విడుదల చేసింది. ఆ ఏడాది మార్చిలో కొత్త నాలుగు కోర్ల యంత్రం కొన్నవారికి ఏడు నెలల్లోనే అది వెనకబడినట్టు కనిపించింది. అందుకే ఒక మోడల్ భవిష్యత్తును ఊహించేటప్పుడు దాని ప్రత్యర్థి విడుదలల పట్టికను కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

ర్యామ్, విస్తరణ స్లాట్ల వంటి వాటిని ఊహించడం కొంత సులువు, ఎందుకంటే వాటి ప్రమాణాలు ముందుగా బహిరంగంగా వెలువడతాయి. ర్యామ్‌కు సంబంధించిన డీడీఆర్4 ప్రమాణం 2012లో వచ్చింది, సాధారణ డెస్క్‌టాప్‌లకు అది 2015లో చేరింది. డీడీఆర్5 ప్రమాణం 2020 జులైలో వచ్చింది, డెస్క్‌టాప్‌లకు 2021 నవంబరులో చేరింది. విస్తరణ స్లాట్లకు సంబంధించిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 ప్రమాణం 2017లో ఖరారై 2019 జులైలో ఏఎండీ డెస్క్‌టాప్‌లలో కనిపించగా, 2019లో వచ్చిన 5.0 ప్రమాణం 2021 చివరికి ఇంటెల్ డెస్క్‌టాప్‌లలోకి వచ్చింది. సుమారు రెండేళ్ళ ఎడం అని నేను ఒక సూత్రం కట్టుకున్నాను. 2022 జనవరిలో వచ్చిన 6.0 ప్రమాణం దగ్గర ఆ సూత్రం విఫలమైంది. మూడేళ్ళు గడిచినా అది సాధారణ డెస్క్‌టాప్‌లకు రాలేదు. అంత వేగం ముందుగా అవసరమైనది డేటా సెంటర్లకు. అది లేకపోవడం వల్ల ఇంట్లో వాడే కంప్యూటరుకు పెద్దగా లోటేమీ కలగదు. ఎవరికి అవసరమో చూడకుండా తేదీలతో మాత్రమే సూత్రం కట్టడం ఇక్కడ నేను చేసిన పొరపాటు.

గ్రాఫిక్స్ కార్డుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా బృందం ఎక్కువగా నష్టపోయింది అక్కడే. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 20 వరుస 2018 సెప్టెంబరులో, 30 వరుస 2020 సెప్టెంబరులో, 40 వరుస 2022 అక్టోబరులో, 50 వరుస 2025 జనవరిలో వచ్చాయి. రెండేళ్ళకొకసారి అన్నది దాదాపుగా నిలబడే లెక్క. 2020 వేసవిలో నేను ఈ లెక్కనే నమ్మి, కొత్త కార్డు శరత్తులో వస్తుందని తేల్చి, అప్పటికి అందుబాటులో ఉన్న కార్డును కొనకుండా ఆపించాను. అంచనా సరిగ్గా నెరవేరింది. కార్డు మాత్రం మాకు దొరకలేదు. మేము ఆర్డరు పెట్టిన విక్రేత మొదట మూడు వారాలన్నాడు, తర్వాత ఎనిమిది వారాలన్నాడు, చివరికి ఆర్డరునే రద్దు చేశాడు. మరుసటి ఏడాది చాలా భాగం పాత కార్డుతోనే గడిచింది, ఒక డాక్యుమెంటరీ తుది రూపం రెండు వారాలు ఆలస్యమైంది, రాత్రింబవళ్ళు రెండర్ కోసం కాచుకుని కూర్చున్న సహోద్యోగికి నేను క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ప్రకటన తేదీ వేరు, వస్తువు చేతికందే తేదీ వేరు. ఆ తర్వాత నా పుస్తకంలో ఈ రెంటికీ రెండు వేర్వేరు గడులు గీసుకున్నాను.

విడుదల దగ్గర పడినప్పుడు కనిపించే గుర్తుల్లో నేను ఎక్కువగా నమ్మేది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రభాగమైన కెర్నల్‌లోకి వచ్చే మార్పులను. ఇంటెల్, ఏఎండీ వంటి కంపెనీలు తమ రాబోయే చిప్‌లకు కావలసిన కోడ్‌ను చాలా నెలల ముందే అందరికీ కనిపించేలా చేర్చుతాయి, ఎందుకంటే ఆ కోడ్ కెర్నల్ ద్వారా రకరకాల లినక్స్ పంపిణీలకు చేరేందుకు సమయం పడుతుంది. అందులో ఒక చిప్ పేరు కనిపించిందంటే, దాని కోసం జీతం తీసుకునే ఇంజనీరు ఎవరో పనిచేశారన్నమాట. రెండో గుర్తు ప్రభుత్వ నమోదులు. గుప్తీకరణ ఉన్న పరికరాలను రష్యా, మరికొన్ని పొరుగు దేశాల కూటమి అయిన యురేషియన్ ఆర్థిక సంఘం దగ్గర నమోదు చేయవలసి ఉండడంతో, కొన్ని ఆపిల్ పరికరాల మోడల్ సంఖ్యలు విడుదలకు ముందే అక్కడ బయటపడ్డాయి. డెలివరీ తేదీలు వారాల కొద్దీ సాగిపోవడాన్ని చాలామంది పెద్ద సూచనగా తీసుకుంటారు గానీ, ఏదో ఒక విడిభాగం కొరత వల్ల కూడా అలా జరుగుతుంది కాబట్టి దానికి నేను సగం మార్కులే వేస్తాను. ఎవరో పెట్టిన వేగపరీక్ష ఫలితాలకు అసలు వేయను. అక్కడ కనిపించే చిప్ పేరును ఎవరైనా మార్చి పెట్టగలరు.

తయారీదారుల మాటనే నమ్మితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. ముందుగా ప్రకటిస్తే ఇప్పుడున్న సరుకు అమ్ముడుపోదన్న భయంతో చాలా కంపెనీలు నోరు విప్పవు. 1983లో దివాలా తీసిన ఆస్బోర్న్ కంప్యూటర్ కథను పరిశ్రమలో నేటికీ ఇందుకు ఉదాహరణగా చెబుతారు. నోరు విప్పినవారి మాట కూడా కొన్నిసార్లు నిలవదు. అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు రాస్ప్‌బెర్రీ పై 4 వచ్చేది 2020లోనేనని దాని సృష్టికర్తలే అనుకున్నారు. చిప్ ఊహించిన దానికంటే తక్కువ సవరణలతోనే సరిగా పనిచేయడంతో 2019 జూన్‌లోనే విడుదల చేయగలిగారు. ఆ సృష్టికర్తల్లో ఒకరైన ఎబెన్ అప్టన్ 2023లో పై 5ను ఆశించవద్దని 2022 డిసెంబరులో చెప్పారు. 2023 సెప్టెంబరులో పై 5ను ప్రకటించారు. ఆయన మోసం చేశారని నేను అనను. చిప్ తయారీలో ఒక్క సవరణ తగ్గినా పెరిగినా తేదీ నెలల తరబడి కదులుతుంది, లోపల ఉన్నవారికి కూడా అది ముందుగా తెలియదు.

ఇక మీ ల్యాప్‌టాప్ విషయం. అందులోని ప్రాసెసర్‌కు తర్వాతి తరం ఇప్పటికే ప్రకటితమై, వేరే కంపెనీల ల్యాప్‌టాప్‌లలో అమ్మకానికి వచ్చిందో లేదో ముందు చూడండి. వచ్చి ఉంటే మీ మోడల్ ఆగి ఉన్నది చట్రం కోసమో, పాత సరుకు ఖాళీ కావడం కోసమో మాత్రమే; అలాంటప్పుడు రెండు మూడు నెలలు ఆగడంలో అర్థముంది, అదీ ఇప్పుడున్న కంప్యూటరు మీ పనికి అడ్డు రాకుండా ఉంటేనే. ఇంకా ప్రకటించకపోతే, పదహారు నెలలైందన్న ఒక్క కారణంతో ఆగవద్దు.

డెస్క్‌టాప్ కూడా మీకు సమ్మతమే అయితే, తేదీ మీద కన్నా సాకెట్ (మదర్‌బోర్డులో ప్రాసెసర్ అమరే గూడు) మీద పందెం వేయడం మేలని నా అనుభవం. ఏఎండీ ఏఎం4 సాకెట్ ఉన్న మదర్‌బోర్డును మేము 2019లో కొన్నాం. 2022లో బయోస్ (బోర్డులోనే ఉండే ప్రాథమిక సాఫ్ట్‌వేర్) మాత్రం నవీకరించి, అదే బోర్డులో రెండేళ్ళ ముందు విడుదలైన తర్వాతి తరం ప్రాసెసర్‌ను అమర్చాం. అది ఎప్పుడు వస్తుందని ఎవరమూ లెక్కలు వేయలేదు. ధర తగ్గాక తీసుకున్నాం, ఒక మధ్యాహ్నంలో పని పూర్తయింది.

ల్యాప్‌టాపే కావాలంటే ర్యామ్ గురించి ఒక మాట చెప్పాలి. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు వేగంగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు ఉత్పత్తిలో పెద్ద వాటాను తీసుకుంటున్నాయి. క్రూషియల్ పేరుతో సాధారణ వినియోగదారులకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటి సమయంలో వచ్చే కొత్త మోడల్ పాతదానికంటే వేగంగా ఉన్నా, అదే ధరకు తక్కువ మెమరీతో రావచ్చు. సన్నని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తారు, తర్వాత పెంచుకునే వీలుండదు. మీరు చేసేది వీడియో పని అని రాశారు కాబట్టి, ప్రాసెసర్ ఒక తరం పాతదైనా సరే, 32 జీబీ ర్యామ్ ఉన్న మోడల్ ఇప్పుడు దొరుకుతుంటే నేనైతే దాన్నే తీసుకుంటాను.