షెడ్ ఎత్తు తగ్గించాలా, అప్పు తగ్గించాలా?

ప్రశ్న: టెక్కలి దగ్గర హైవే పక్కన అద్దె షెడ్‌లో పదేళ్లుగా కార్లు, వ్యాన్లు రిపేరు చేస్తున్నాను. అద్దె నెలకు రూ.9,000. అది కట్టాక రూ.40,000 చేతికొస్తుంది. ఇంటి లోన్ కిస్తీతో కలిపి ఇంటి ఖర్చు రూ.30,000. ఊళ్లో మా ఇంటి వెనక, నాన్నగారి పేరున ఉన్న స్థలంలో విడిగా 30×20 అడుగుల షెడ్ వేద్దామనుకుంటున్నాను. పదడుగుల ఎత్తుకు రూ.5.4 లక్షలు, బండిని పైకెత్తే లిఫ్ట్ పట్టేలా పదిహేనడుగులకు రూ.6.3 లక్షలు అడుగుతున్నారు. లిఫ్ట్ ఇంకో రూ.2 లక్షలు. ఎఫ్‌డీ రూ.4 లక్షలుంది. పాప ఇంటర్ చదువుతోంది. బావగారేమో పదడుగులు చాలంటున్నారు. ఇంటి లోన్ మీద టాప్‌అప్ తీసుకోనా? 35 శాతం సబ్సిడీ ఇప్పిస్తానని ఒకాయన అంటున్నాడు, నమ్మొచ్చా?

జవాబు: ఎత్తు తగ్గించకండి, లిఫ్ట్ వాయిదా వేయండి.

కారు ఎత్తు దాదాపు ఐదడుగులు. దాని కింద మనిషి నిలబడి పనిచేయాలంటే ఇంకో ఆరడుగులు కావాలి. వ్యాన్ అయితే ఇంకా ఎక్కువ. బావగారి లెక్క మీకిప్పుడున్న పనికి సరిపోవచ్చు, కానీ రేపు లిఫ్ట్ కొన్నాక కప్పు పీకి స్తంభాలు పెంచాలంటే దాదాపు కొత్త షెడ్ ఖర్చే అవుతుంది. ఇప్పుడైతే నేల, పైకప్పు మారవు. చుట్టూ వంద అడుగుల పొడవున ఐదడుగులు, అంటే 500 చదరపు అడుగుల రేకు, స్తంభాల పొడవు మాత్రమే పెరుగుతాయి. ఆ రూ.90,000 తేడా 11 శాతం వడ్డీకి ఐదేళ్లలో తీర్చినా నెలకు రూ.1,960 లోపే.

అయితే ఆ కొటేషన్‌లో ఒకటి చూడాలి. ఎత్తు పెరిగితే గాలి తాకిడీ పెరుగుతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 140-150 కిలోమీటర్ల గాలులు వీచాయి. మీ ప్రాంతానికి నేను వేరే చెప్పక్కర్లేదు. లోతైన పునాదులు, స్తంభాలను పునాదికి బిగించే యాంకర్ బోల్టులు, స్తంభాల మధ్య క్రాస్ బ్రేసింగ్ (ఏటవాలు కడ్డీలు) ఉన్నాయా అని అడగండి. లేకపోతే రంగులు, టైల్స్ మానేసైనా అవి పెట్టించండి. లిఫ్ట్ నిలబెట్టే చోట కాంక్రీట్ మందం కూడా లిఫ్ట్ కంపెనీ డ్రాయింగ్ ప్రకారం ఇప్పుడే వేయించాలి.

ఇక డబ్బు. షెడ్, త్రీఫేజ్ కరెంటు, అనుమతులు అన్నీ కలిపి రూ.6.5 లక్షలు అనుకుందాం. ఎఫ్‌డీ నుంచి రూ.1.5 లక్షలు తీయండి. మిగతా రూ.2.5 లక్షలు పాప చదువుకి, అవసరానికి. దాన్ని ముట్టుకోవద్దు. రూ.5 లక్షలకు చిన్న వ్యాపారాలకిచ్చే ప్రభుత్వ రుణ పథకం ముద్రలో ‘కిశోర్’ విభాగం కింద బ్యాంకులో అడగండి, తనఖా పెట్టక్కర్లేదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, అది ముందు చేయించుకుని కొటేషన్‌తో, బ్యాంకు స్టేట్‌మెంట్లతో వెళ్లండి. 11 శాతం చొప్పున ఐదేళ్లకు కిస్తీ రూ.10,870. అద్దె రూ.9,000 మిగులుతుంది కాబట్టి అదనపు భారం రూ.1,870. లిఫ్ట్ కూడా అప్పులోకి తెస్తే కిస్తీ రూ.15,220 అవుతుంది. హైవే వదిలి ఊళ్లోకి వస్తే మొదట్లో కొంత గిరాకీ తగ్గుతుంది. పాప కాలేజీ ఫీజులూ అప్పుడే మొదలవుతాయి. ఆ టెన్షన్ మీకొద్దు.

టాప్‌అప్ వద్దనే చెబుతాను. అదే రూ.5 లక్షలు 9 శాతానికి పదిహేనేళ్లంటే కిస్తీ రూ.5,070 కదా అని తేలిగ్గా అనిపిస్తుంది, కానీ వడ్డీ రూ.4 లక్షలు దాటుతుంది. ఐదేళ్ల లోన్‌కు అది దాదాపు రూ.1.5 లక్షలే. పైగా పని దెబ్బతింటే ఇంటికి ముప్పు.

సబ్సిడీ మాట చెప్పినాయన కేంద్రం ఉపాధి కల్పన పథకం పీఎంఈజీపీ గురించి అంటున్నట్టున్నారు. 35 శాతం పల్లెల్లో బీసీ, ఎస్సీ, ఎస్టీ, మహిళలు వంటి వర్గాలకు నిజమే, కానీ కొత్తగా పెట్టే యూనిట్లకే. పదేళ్లుగా నడుస్తున్న మీ పనికి రాదు. దరఖాస్తుకు ఫీజు లేదు, ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి.

అన్నిటికంటే ముందు స్థలం సంగతి. నాన్నగారి స్థలంలో మీ డబ్బుతో కట్టేది రేపు తోబుట్టువుల మధ్య పేచీ కాకూడదు. అందరూ కూర్చుని మాట్లాడుకుని, ఆ భాగాన్ని మీ పేరున గిఫ్ట్ డీడ్‌గా రిజిస్టర్ చేయించుకున్నాకే పునాది తవ్వండి.

ఇంటి ఇన్సూరెన్స్ ఈ షెడ్‌కు వర్తించదు. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’లో తుఫాను నష్టం కవర్ అవుతుంది. లోపల ఉంచిన కస్టమర్ల బండ్లకు విడిగా అడిగి రాయించుకోండి. కొత్త షెడ్‌కు కరెంటు వచ్చేదాకా హైవే షెడ్ ఖాళీ చేయకండి, రెండు నెలల అద్దె రూ.18,000 పక్కన పెట్టుకోండి.