అంబాసిడర్ లోపలి ప్లాస్టిక్ ముక్కలకు వేసిన రంగు ఎందుకు నిలవట్లేదు?

1990ల నాటి అంబాసిడర్‌లో స్టీరింగ్ కింది కవరు, డోర్ హ్యాండిళ్ళ చుట్టూ ఉండే ముక్కలు వెలిసిపోతే శ్రావణ మాసంలో స్ప్రే డబ్బాతో నల్లరంగు కొట్టామన్నారు. పైన తెల్లటి మసక వచ్చిందనీ, గోరు పెడితే పెచ్చులు లేస్తున్నాయనీ రాశారు. అమలాపురంలో ఉంటూ ఆ నెలలో రంగు కొడితే మసక రాక తప్పదండి. పెచ్చులకు మాత్రం కారణం వేరే.

ముందు పెచ్చుల సంగతి. డ్యాష్‌బోర్డు మెరవాలని రాసే పాలిష్‌లు చాలావాటిలో సిలికాన్ ఉంటుంది. అది రంగుని పట్టనివ్వదు. అది పోకముందే ఉప్పు కాగితం పడితే గీతల్లోకి ఇంకా దిగుతుంది. కాబట్టి ముక్కలు ఊడదీసి, గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చని నీళ్ళు, పాత టూత్‌బ్రష్‌తో రెండుసార్లు కడగండి. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక గుడ్డతో రాసి, అది ఆరిపోయేలోపే ఇంకో పొడి గుడ్డతో తుడిచేయండి. ఒకే గుడ్డయితే జిడ్డు అటూ ఇటూ పులిమినట్టే. షాపులో ఎన్.సి. థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ రంగులు పలచన చేసే ఘాటు ద్రవం) అంటగడతారు, తీసుకోవద్దు. కారు లోపలి ముక్కలకు వాడే ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ దానికి మెత్తబడి పగుళ్ళిస్తుంది.

ఏ ప్లాస్టికో తెలియకపోతే వెనకవైపు నుంచి చిన్న తునక గీకి సబ్బు నీళ్ళలో వేయండి. మునిగితే ఏబీఎస్ అయ్యే అవకాశం ఎక్కువ. తేలితే పాలీప్రొపిలీన్ లాంటిది, దాని మీద అడ్హెషన్ ప్రమోటర్ (రంగు అతుక్కోవడానికి ముందుగా కొట్టే ద్రవం) లేకుండా ఏ రంగూ నిలవదు. దాన్ని పలచగా ఒక కోటు కొట్టి, డబ్బా మీద రాసిన టైములోపే ప్రైమర్ (రంగు కింద వేసే అడుగు పూత) పడాలి.

పాత రంగుని 320 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్ళతో రుద్దే ఉప్పు కాగితం, నంబరు పెరిగేకొద్దీ నునుపు) తీసి, 400 వేసి, ప్రైమర్ మీద 600తో నునుపు చేయండి. తోలు గీతల్లాంటి డిజైన్ ఉన్న ముక్కల మీద మాత్రం పేపర్ వద్దు, ఆ డిజైన్ పోతే మళ్ళీ రాదు. బూడిదరంగు స్కాచ్‌బ్రైట్ చాలు.

ఇక మసక. రంగులో ఉండే థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు రంగు పైభాగం చల్లబడుతుంది. గాల్లో తేమ ఉంటే ఆ చల్లదనానికి నీరు పట్టి రంగులోనే ఇరుక్కుంటుంది. వానాకాలంలో చేపల చెరువు గట్టు మీదో, కాలవ పక్క షెడ్డులోనో ఎంత మంచి రంగు కొట్టినా ఇంతే. సంక్రాంతి తర్వాత, మంచు పూర్తిగా విడిచాక, పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 3 లోపు పెట్టుకోండి. ఎండాకాలమైనా సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక ఆపేయాలి. చిన్న తేమ మీటరు ఒకటి కొనుక్కోండి, 70 శాతం దాటితే డబ్బా ముట్టుకోవద్దు. స్ప్రే గన్‌తో కొట్టేవాళ్ళు థిన్నర్‌లో పదో వంతు రిటార్డర్ (నెమ్మదిగా ఆవిరయ్యే థిన్నర్) కలపొచ్చు. రంగు గట్టిగా పట్టి ఉండి మసక మాత్రమే ఉంటే పైన రిటార్డర్ పలచగా చల్లితే పోతుంది. మీది లేస్తోంది కాబట్టి మొత్తం తీసేయాల్సిందే.

20–25 సెంటీమీటర్ల దూరం నుంచి, 10 నిమిషాల ఎడంతో మూడు పలచటి కోట్లు వేయండి. మొదటి కోటులో అడుగు కనపడుతూనే ఉండాలి, ఒకేసారి కప్పేద్దామంటే కారుతుంది. డ్యాష్‌బోర్డుకి మ్యాటే మంచిది, గ్లాసీ అయితే ఎండలో ముందద్దంలో దాని నీడ పడి రోడ్డు కనపడదు. చేయి తగిలే ముక్కలకు 2కే మ్యాట్ క్లియర్ (హార్డెనర్ కలిపి వాడే, మెరుపు లేని పారదర్శక పూత) గట్టిగా ఉంటుంది. కానీ దాని హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు చేటు చేసే ఐసోసయనేట్ ఉంటుంది, గుడ్డ మాస్కు అస్సలు చాలదు. సరైన రెస్పిరేటర్ లేకపోతే పెయింటర్‌కే ఇచ్చేయండి.

రెండు రోజులు ఆరనిచ్చి బిగించండి. పాత ప్లాస్టిక్ పెళుసు, స్క్రూ అర చుట్టు ఎక్కువైనా అది పట్టే చెవి (స్క్రూ దిగే చిన్న కొస) విరుగుతుంది. ఇప్పటికే విరిగిన చెవులుంటే రంగుకి ముందే అతికించుకోవాలి: పనికిరాని ఏబీఎస్ ముక్కని తరిగి అసిటోన్‌లో తేనె చిక్కదనం వచ్చేదాకా కరిగించి, వెనకవైపు పూసి ఒక రోజు వదిలేయండి. ఫెవిక్విక్ అతుకు బండి అదురుకి నిలవదు.