ఆరవ చార్లెస్ కొడుకు బతికి ఉంటే?

ఏ యూరప్ రాజవంశానికి వారసుడు దక్కి ఉంటే చరిత్ర దారి మళ్లేది అని అడిగారు. స్పెయిన్ రెండో చార్లెస్ పేరో, ఇంగ్లండ్ రాణి ఆన్ పేరో చెప్పేవాళ్లే ఎక్కువ. నా ఓటు మాత్రం ఆస్ట్రియా హాబ్స్‌బర్గులకి. పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తి, ఆస్ట్రియా పాలకుడు ఆరవ చార్లెస్‌కి 1716 ఏప్రిల్‌లో లియోపోల్డ్ యోహాన్ పుట్టాడు, నవంబరులో పోయాడు. ఏడు నెలలైనా నిండలేదు. మరుసటి ఏడాది మరియా థెరిసా పుట్టింది. ఆ తర్వాత కూడా ఆడపిల్లలే.

వియన్నాలో ఉద్యోగం చేసే రోజుల్లో ఊరి నుంచి ఎవరొచ్చినా కపూచిన్ చర్చి కింది రాజసమాధులు చూపించడం నా వంతు. అందరూ చార్లెస్ శవపేటిక మీది కిరీటం పెట్టుకున్న పుర్రెనే ఫొటో తీసుకునేవారు. పిల్లవాడూ అక్కడే ఉన్నాడు, వాడి గురించి అడిగినవాళ్లు లేరు. అడక్కపోయినా చెప్పి మా బావమరిదిని విసిగించిన కథే ఇది.

కొడుకులు లేకుంటే కూతురికే రాజ్యమని 1713లో చార్లెస్ ఒక శాసనం చేశాడు. దాన్నే ప్రాగ్మాటిక్ శాంక్షన్ అంటారు. లియోపోల్డ్ పోయాక దానికి ఒక్కో రాజు చేత ఊ కొట్టించడానికే ఆయన బతుకు సరిపోయింది. ఆ బేరాల్లో ఆస్టెండ్ కంపెనీ పోయింది. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇదే. 1722లో చక్రవర్తి సనదు పొందిన ఈ వర్తక కంపెనీకి మద్రాసుకు దక్షిణాన కోవళంలో (కేరళ కోవళం కాదు), బెంగాల్లో బంకీబజార్‌లో స్థావరాలుండేవి. ఇంగ్లీషు, డచ్చి కంపెనీలకు అది కంట్లో నలుసు. 1727లో సనదు నిలిపేశాడు, 1731లో కంపెనీనే ఎత్తేయడానికి ఒప్పుకున్నాడు. అప్పటికి గానీ ఇంగ్లండ్ ఆ శాసనాన్ని గుర్తించలేదు. కొడుకే ఉంటే అంత చవగ్గా వదులుకునేవాడు కాదు.

1740 అక్టోబరులో చార్లెస్ పోయేసరికి లియోపోల్డ్‌కి 24 ఏళ్లుండేవి. డిసెంబరులో ఆస్ట్రియా చేతిలోని సైలీషియా మీద పడ్డ ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఎలాగూ వచ్చేవాడేమో, తన తండ్రి వదిలిన 80 వేల సైన్యం చేతిలో ఉంది మరి. కానీ బవేరియా, సాక్సనీ పాలకులు తమ భార్యల (చార్లెస్ అన్న కూతుళ్లు) తరఫు హక్కు చూపించి దిగారు, మగ వారసుడుంటే ఆ మాటే చెల్లదు. ఆడవాళ్లకు దక్కని చక్రవర్తి కిరీటం 1742లో బవేరియా వాడికి పోయేదీ కాదు.

అలా మొదలైన ఆస్ట్రియా వారసత్వ యుద్ధంలోనే 1746లో ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషువాళ్ల మద్రాసు పట్టుకున్నారు. వెంటనే అడయారు దగ్గర కొద్దిమంది శిక్షణ పొందిన సైనికులతో ఆర్కాటు నవాబు పెద్ద సైన్యాన్ని చెదరగొట్టారు. ఆ ధైర్యంతోనే పుదుచ్చేరి ఫ్రెంచి గవర్నరు డూప్లే దేశీయ గొడవల్లో తలదూర్చాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ హైదరాబాదు చేరడం, 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారికి దక్కడం, 1757లో బొబ్బిలి, అన్నీ ఆ వరసలోవే.

అలాగని లియోపోల్డ్ బతికితే బొబ్బిలి యుద్ధమే ఉండేది కాదని నేననను. ఇంగ్లండ్, స్పెయిన్ 1739 నుంచే కొట్టుకుంటున్నాయి, ఫ్రాన్స్ ఏదో ఒక రోజు దిగేదే. 1748లో నిజాముల్ముల్క్ పోయాక వారసుల తగాదా ఎలాగూ తప్పదు. కాకపోతే ఆ తగాదాలో వాటాకి కోవళం నుంచి ఆస్ట్రియా వాళ్లూ వచ్చి కూర్చునేవారు.