పరంజా ఊగుతోందంటే గోడకు పట్టు లేదన్నమాట

ప్రశ్న: కింద ఒకటి, పైన రెండు అంతస్తులతో ఇల్లు కట్టిస్తున్నాం. బయట ప్లాస్టింగ్ మొదలైంది. మేస్త్రీ ఇనప పైపులతో పరంజా వేసి, దాన్ని కిటికీ గ్రిల్లులకు బైండింగ్ వైరుతో కట్టాడు. పైన మనుషులు నడుస్తుంటే ఊగుతోంది. అడిగితే "ఆ మాత్రం ఊగుతుందమ్మా, ఏం కాదు" అంటున్నాడు. గోడకు బోల్టులు కొట్టి బిగించమంటే వానకు చెమ్మ దిగుతుందంటున్నాడు. మా వారికీ గోడకు కన్నాలు పెట్టడం ఇష్టం లేదు. నాకేమో రోజూ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చూడగానే పని ఆపించమని ఫోన్‌లో చెప్పాను. ఇలా కట్టిన పరంజాలు ఊరూరా కనిపిస్తున్నాయి కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

గ్రిల్లును కిటికీ ఫ్రేముకు నాలుగైదు స్క్రూలతో బిగిస్తారు. అది దొంగను ఆపడానికి పెట్టింది. పైన ఇద్దరు ముగ్గురు మనుషులు, మాలు గమేళాలు ఉన్న పరంజా లాగితే ఆ స్క్రూలు ఎంతసేపు ఆగుతాయి? పిట్టగోడ, వాననీటి పైపు, ఏసీ స్టాండు, సన్‌షేడ్ కొన... వీటికి కూడా పరంజా కట్టకూడదు.

అసలు లోపం ఇంకొకటి ఉంది. వైరు లాగుడును మాత్రమే ఆపుతుంది. పరంజా గోడ వైపు వాలినప్పుడు వైరు వదులైపోతుంది, మళ్లీ బయటికి వాలినప్పుడు ఒక్క గుంజు గుంజుతుంది. అందుకే వైరుతో పాటు, పరంజాకూ గోడకూ మధ్య ఒక పైపు ముక్క దన్నుగా ఉండాలి. మీ పరంజాకు ఆ దన్ను లేదు. ఊగిన కొద్దీ క్లాంపుల నట్లు కూడా వదులవుతాయి. "ఆ మాత్రం ఊగుతుంది" అనే మాటను నేను ఎవరి నోట విన్నా ఒప్పుకోను.

మీ వారికి చెప్పండి, మీ ఇంటికి చాలా చోట్ల బోల్టే అక్కర్లేదు. కిటికీ ఖాళీ ఉంది కదా, దాన్నే వాడుకోవచ్చు. గది లోపల, కిటికీకి అడ్డంగా ఒక పైపు పెట్టించండి. దాని రెండు కొనలూ కిటికీకి అటూ ఇటూ గోడ మీద అడుగు చొప్పున ఆనాలి. ఇంకో పైపును గ్రిల్లు ఊచల సందులోంచి, ఊచలకు తగలకుండా, లోపలి నుంచి బయటికి తీసి, లోపల ఆ అడ్డ పైపుకూ బయట పరంజా నిలువు పైపులకూ క్లాంపులతో బిగించాలి. ఇదే వరసలో గోడ బయటి ముఖానికి ఆనేలా రెండో అడ్డ పైపు కూడా వేస్తే, గోడ రెండు పైపుల మధ్య ఇరుక్కుంటుంది. ఇక పరంజా ముందుకూ రాదు, వెనక్కీ పోదు. పైపుకూ గోడకూ మధ్య చెక్క ముక్క పెడితే గోడ అంచు రాలదు. బయటి పైపు ఆనిన చోటు ప్లాస్టింగ్ చివర్లో, పరంజా విప్పుతూ పూసుకుంటారు.

కిటికీ లేని వైపు మాత్రం బోల్టు తప్పదు. అది ఇటుకకు కాదు, పిల్లరుకో బీముకో కొట్టించండి. 12 మి.మీ. రింగు యాంకర్ బోల్టు తీసుకుని, కన్నంలో దుమ్ము పూర్తిగా ఊదేసి, కంపెనీ చెప్పిన లోతుకు దించాలి. ప్లాస్టింగ్ మందం ఆ లోతు లెక్కలోకి రాదు. కట్టి వారం కూడా కాని పచ్చి గోడలో, మాలు అతుకులో, గోడ మూలకు దగ్గరగా యాంకర్ ఎప్పుడూ వేయకూడదు. రింగుకు వైరు కడితే పక్కనే దన్ను పైపు కూడా ఉండాలని మళ్లీ చెబుతున్నాను.

ఎన్ని చోట్ల అంటారా? కింద వెడల్పుకు నాలుగు రెట్ల ఎత్తు దాటితే పరంజా తనంతట తాను నిలబడదని లెక్క. మీది మూడడుగుల వెడల్పు అనుకుంటే పన్నెండడుగుల లోపే మొదటి కట్టు పడాలి. ఆ పైన ప్రతి స్లాబు దగ్గరా ఒక వరస వేయించండి. ఒక్కో వరసలో రెండు చివర్లా కట్టు ఉండాలి, మధ్యలో ఒక నిలువు విడిచి ఒక నిలువుకు ఉండాలి. నిలువూ అడ్డమూ కలిసే చోటుకు అడుగు లోపే బిగించాలి. పచ్చ నెట్ కడితే అది గాలిని తెరచాపలా పట్టుకుంటుంది కాబట్టి కట్లు ఇంకా ఎక్కువ కావాలి. మీ గోదావరి వైపు అక్టోబరు, నవంబరులో తుఫాను హెచ్చరిక వస్తే ముందు నెట్ విప్పించండి.

ఇక ఎక్కువ ప్రమాదాలు వచ్చేది ఇక్కడ. ప్లాస్టింగ్ చేసే మనిషికి బద్ద లాగడానికి ఆ దన్ను పైపు అడ్డం వస్తుంది. విప్పి పక్కన పెడతాడు, మళ్లీ పెట్టడు. సాయంత్రానికి ఒక వరస మొత్తం పోతుంది. నా సైట్లలో గోడకు పట్టు ఇచ్చే పైపులన్నిటికీ ఎర్ర రంగు కొట్టించేవాణ్ని. ఎర్ర పైపు విప్పాలంటే ముందు పక్కన ఇంకోటి బిగించాలి, అదీ సూపర్‌వైజర్ చూశాకే. మీరూ అలాగే చేయించండి. రంగు డబ్బా పెద్ద ఖర్చు కాదు. ప్లాస్టింగ్ అయ్యాక కూడా కట్లన్నీ ముందే ఊడదీయనివ్వకండి. పరంజా పైనుంచి కిందికి విప్పుతూ వచ్చే కొద్దీ ఆ ఎత్తులో కట్టు తీయాలి.

చెమ్మ సంగతి. వేలెడంత బోల్టు కన్నం వల్ల కాదు, అడ్డకర్రల కోసం ఇటుక తీసి వదిలిన కన్నాల వల్లే నీళ్లు దిగుతాయి. వాటిలో సిమెంటు సంచి ముక్క కుక్కి పైన మాలు పూసేయడం నేను చాలాసార్లు చూశాను. దుమ్ము తీసి, బాగా తడిపి, ఇటుక ముక్కా ఒకటికి మూడు మాలూ (ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక) లోపలి దాకా కూరి, ఆరనిచ్చి, అప్పుడు ప్లాస్టింగ్ చేయాలి. బోల్టు కన్నానికి ఆరాక కుంచించుకోని గ్రౌట్ (కన్నాలు పూడ్చే సిమెంటు మిశ్రమం) చాలు.

ప్రశ్న: మాది నాలుగంగుళాల ఏఏసీ బ్లాకు (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు బ్లాకు) గోడ. పరంజా కోసం యాంకర్ కొడితే బోల్టు బిగియకుండా తిరుగుతూనే ఉంది.
– హనుమకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ బ్లాకు మెత్తన. బోల్టు లోపల విచ్చుకునే కొద్దీ చుట్టూ పిండి అవుతుంది కానీ పట్టదు. పెద్ద బోల్టు కొట్టినా అంతే. అంత పలచటి గోడ మీద పరంజా భారం అసలు పెట్టకండి. పిల్లర్లకూ స్లాబు అంచు బీములకూ కట్టండి. పరంజా వేసే ముందే కొలత చూసుకుని, ప్రతి పిల్లరుకూ ఎదురుగా ఒక నిలువు పైపు వచ్చేలా మొదలుపెట్టండి.