ఫీజు పెరగకముందే దావా వేసేయాలనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీనివాస్‌ను ఆశీర్వదించి మీ మామయ్య వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. కోర్టు ఫీజులు పెరగబోతున్నాయని ఎవరో చెప్పగా విని, తెనాలిలో అక్కయ్య పేరున ఉన్న ఇంటి స్థలం గురించి ఒక దావా, చెన్నైలో నీకు రావలసిన ప్రోనోటు బాకీ గురించి మరో దావా ఈ నెలలోనే వేసేయాలని ఆరాటపడుతున్నట్టు రాశావు. దావాలో ఏం వాదించాలన్నది మీ ప్లీడరుగారు చెప్పవలసిన సంగతి. నా ఉద్యోగమంతా సివిల్ కోర్టు ఆఫీసులోనే గడిచింది, శిరస్తాదారుగా దాఖలైన దావా పత్రాలను సరిచూడటమే నా పని కాబట్టి, ఫీజు విషయంలో మాత్రం నా మాట వినమని అడుగుతున్నాను.

ముందుగా, ఫీజు పెరుగుతుందన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కో. సుప్రీంకోర్టు ఫీజులు తప్ప మిగిలిన కోర్టుల ఫీజులన్నీ రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోని అంశం. మన వైపు ఇప్పటికీ 1956 నాటి ఆంధ్రప్రదేశ్ కోర్టు ఫీజుల, దావాల విలువ నిర్ధారణ చట్టమే ఆధారం. దానిలోని రేటు మారాలంటే సవరణ జరిగి గెజిట్‌లో ప్రకటన రావాలి, ఏ తేదీ నుంచి అమలో అందులో ఉండాలి. కోర్టు ఆవరణలో టీ తాగుతూ చెప్పుకొనే మాటకు విలువ లేదు. గెజిట్ కాపీ చూపించమని మీ ప్లీడరుగారి గుమాస్తాను అడుగు. చూపించలేకపోతే ఆ తొందరను అక్కడితో వదిలెయ్యి.

ఫీజుల మార్పు అంటే పెంపు ఒక్కటే కాదు. తమిళనాడులో దావా మొత్తం మీద నూటికి ఏడున్నర రూపాయల ఫీజు చాలాకాలం నడిచింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది కూడా. అయినా 2017లో ఆ ప్రభుత్వమే దాన్ని 3 శాతానికి తగ్గించింది. మహారాష్ట్రలో ఇందుకు భిన్నంగా గరిష్ఠ ఫీజును 2018 జనవరి నుంచి 3 లక్షల రూపాయల నుంచి 10 లక్షలకు పెంచారు. ఢిల్లీలో 2012లో తెచ్చిన పెంపును అక్కడి హైకోర్టు 2013లో కొట్టివేసింది. అన్యాయం జరిగిన మనిషి న్యాయం అడగడానికి ముందే డబ్బు చెల్లించవలసి రావడం నాకు ఎన్నడూ సమంజసంగా తోచలేదు. 1988లో సుప్రీంకోర్టు కూడా, గరిష్ఠ పరిమితి లేని ఫీజు చెల్లుతుందని చెబుతూనే, ఈ వ్యవస్థను హేతుబద్ధం చేయమని ప్రభుత్వాలకు గట్టిగా చెప్పింది.

స్థలం విషయంలో నువ్వు గమనించని పెంపు ఒకటి ఇప్పటికే జరిగిపోయింది. కోర్టు ఫీజుల చట్టంలో ఒక్క అక్షరం మారకపోయినా, స్థలం మార్కెట్ విలువ పెరిగితే దాని మీద లెక్కకట్టే ఫీజు కూడా పెరుగుతుంది. దావా దాఖలు చేసిన నాటి విలువనే లెక్కలోకి తీసుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ విలువలను 2025 ఫిబ్రవరి 1 నుంచి సవరించారు. తెలంగాణలో 2021 జూలైలో ఒకసారి, 2022 ఫిబ్రవరిలో మరోసారి సవరించారు. సబ్ రిజిస్ట్రారు ఇచ్చే విలువ ధ్రువపత్రమే కోర్టుకు తుదిమాట కాదు గాని, ఆఫీసులో మొదట అడిగే కాగితం అదే. పాత ధ్రువపత్రం జతచేసి దావా వేస్తే అది వెనక్కి వస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. పొరుగాయన మన స్థలంలోకి జరిగి రేకుల షెడ్డు వేశాడని, అయినా ఫీజు తక్కువ గనుక వట్టి ఇంజంక్షన్ (మన స్థలం జోలికి రావద్దని అతన్ని ఆపే కోర్టు ఉత్తర్వు) దావా వేస్తే చాలని ఎవరో సలహా ఇచ్చారని రాశావు. ఆ సలహాను దయచేసి పాటించవద్దు. వట్టి ఇంజంక్షన్‌కు సాధారణంగా మనం చూపుకున్న విలువ మీదే ఫీజు పడుతుంది కాబట్టి అది చౌకే. కాని ఇంజంక్షన్ అనేది స్వాధీనంలో ఉన్నవాడికి దొరికే రక్షణ. షెడ్డు కింద ఉన్న నేల మన స్వాధీనంలో లేదు, పైగా అది తనదేనని అతను అంటున్నాడు. ఇలాంటి చోట ఏ దావా వేయాలో వరంగల్ నుంచి వెళ్లిన అనాథుల సుధాకర్ కేసులో 2008లో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. హక్కు మీద వివాదం ఉండి, స్వాధీనం కూడా పోయి ఉంటే, హక్కు ప్రకటనతో, అంటే ఆస్తి మనదేనని కోర్టు ప్రకటించడంతో పాటు స్వాధీనం ఇప్పించమనీ కోరాలి. ఫీజు మిగులుతుందని అడగవలసినది అడగకుండా వేసిన దావాలు ఏళ్ల తరబడి నడిచి, సాక్ష్యాలన్నీ పూర్తయ్యాక, ఈ కోరిక లేదు గనుక చెల్లదని పోవడం నేను చూశాను. దిగువ కోర్టులో మొదలై రెండో అప్పీలు దాకా పెట్టిన ఖర్చుతో పోల్చితే వాళ్లు ఆదా చేసుకున్న ఫీజు ఏ మూలకూ రాదు.

పూర్తి కోరికలతో వేసినా నువ్వు భయపడినంత ఫీజు పడదు. మన చట్టంలో 24వ సెక్షను ప్రకారం హక్కు ప్రకటన, స్వాధీనం రెండూ కోరితే స్థిరాస్తి మార్కెట్ విలువలో నాలుగింట మూడు వంతుల మీద, హక్కు ప్రకటనతో ఇంజంక్షన్ కోరితే సగం మీద ఫీజు లెక్కిస్తారు. పైగా అతను ఆక్రమించినది స్థలం మొత్తం కాదు. మొత్తం 300 గజాలని, ఆక్రమణ 40 గజాలని, గజం విలువ 20 వేలని అనుకుందాం. ఆ 40 గజాల విలువ 8 లక్షలు, దానిలో నాలుగింట మూడు వంతులు 6 లక్షలు. ఆ 6 లక్షల మీదే ఫీజు కట్టాలి. స్థలమంతటికీ కోరితే 45 లక్షల మీద కట్టవలసి వచ్చేది. అందుకే దావాకు ముందు లైసెన్సు ఉన్న సర్వేయరు చేత కొలిపించి, ఆక్రమణ ఎంతవరకు ఉందో హద్దులతో పటం గీయించు. దావా పత్రంలో ఆస్తి వివరాలు రాసే షెడ్యూలులో ఆ భాగాన్ని విడిగా చూపించండి. ఈ పనికి పట్టే కొద్ది రోజులూ వృథా కావు.

తొందరపడి వేసిన దావా మా బల్ల మీదకు వస్తే ఏమయ్యేదో చెబుతాను. మేము ముందు దావా పత్రం చివర విలువ గురించి రాసిన పేరా చూసేవాళ్లం. ఆ తర్వాత షెడ్యూలులోని విస్తీర్ణాన్ని, విలువ ధ్రువపత్రాన్ని, కట్టిన ఫీజును ఒకదానితో ఒకటి పోల్చేవాళ్లం. అన్నీ సరిపోతే కోర్టు ఫీజు స్టాంపు మీది బొమ్మ తల పోయేలా, దాని విలువ మాత్రం చదవడానికి వీలుగా ఉండేలా చిల్లు వేసి, దావాకు నంబరు వేయించేవాళ్లం. తేడా కనిపిస్తే అభ్యంతరం రాసి వెనక్కి ఇచ్చేవాళ్లం. తక్కువ పడిన ఫీజును తర్వాత కట్టడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 149వ సెక్షను కింద కోర్టు అనుమతించవచ్చు. కాని అది కోర్టు విచక్షణ, మన హక్కు కాదు. ఇచ్చిన గడువులో కట్టకపోతే దావానే తిరస్కరించవచ్చు.

దావా నడుస్తుండగా ఫీజు పెరిగితే అప్పీలుకు కొత్త రేటు కట్టాలా అని కూడా అడిగావు. అప్పీలు హక్కు దావా వేసిన నాడే పుడుతుందని సుప్రీంకోర్టు 1957లో గరికపాటి వీరయ్య కేసులో చెప్పింది. ఆ దావా 1949లో మన బాపట్ల సబ్ కోర్టులో వేసినదే. 1960లో మరో తీర్పులో ఇదే సూత్రాన్ని కోర్టు ఫీజుకు అన్వయించి, దావా తర్వాత వచ్చిన పెంపు ఆ దావా అప్పీలుకు వర్తించదని చెప్పింది. కొత్త చట్టం పాత దావాలకూ వర్తిస్తుందని స్పష్టంగా చెబితే సంగతి వేరు. ఏ పెంపు వచ్చినా ముందు చూడవలసిన మాట అదే.

చెన్నై ప్రోనోటు సంగతి వేరు. అక్కడ తొందర అవసరమే, అయితే ఫీజు కోసం కాదు. అడిగిన వెంటనే చెల్లిస్తానని రాసిన నోటుకు, మధ్యలో చెల్లింపు గాని రాతపూర్వకమైన ఒప్పుకోలు గాని లేకపోతే, నోటు తేదీ నుంచి మూడేళ్లే గడువు. అసలు మొత్తం, దావా నాటి వడ్డీ కలిపి 8 లక్షలైతే 3 శాతం చొప్పున 24 వేలు పడుతుంది. పాత రేటయితే 60 వేలు అయ్యేది. గెలిస్తే సాధారణంగా ఆ ఫీజు కూడా ఖర్చుల కింద డిక్రీలో (కోర్టు తుది ఉత్తర్వులో) చేరి ప్రతివాది నుంచే రాబట్టుకోవచ్చు. మధ్యలో రాజీకి వస్తే కాదనవద్దు. లోక్ అదాలత్‌లో కుదిరితే 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం కట్టిన ఫీజు తిరిగి వస్తుంది. తమిళనాడు చట్టం కింద ఇరుపక్షాలూ బయట మాట్లాడుకుని రాజీపడినా ఫీజు తిరిగి ఇవ్వాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. దావా వేయకముందే లోక్ అదాలత్‌కు వెళితే ఫీజే ఉండదు, కాని ఆ మాటల్లో పడి మూడేళ్ల గడువు దాటనీయవద్దు.

స్థలం అక్కయ్య పేరున ఉంది. 1987 చట్టం 12వ సెక్షను కింద ఆదాయంతో సంబంధం లేకుండా స్త్రీలు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు, అందులో కోర్టు ఫీజు భారం కూడా ఉంటుంది. నీకు జీతం వస్తున్నంత కాలం ఆ సహాయం అవసరమైనవారికే వదిలేయడం మంచిదని నా అభిప్రాయం. అయినా అది అక్కయ్య హక్కు, నిర్ణయం ఆవిడదే. బీదవాడిగా ఫీజు లేకుండా దావా వేసే పద్ధతి మనకు వర్తించదు. వర్తించినా ఆ ఫీజు మాఫీ కాదు, గెలిచాక ప్రభుత్వం ఆస్తి మీది నుంచే వసూలు చేసుకుంటుంది.

ప్రోనోటు తేదీ వెంటనే రాయి, లేదా నోటుకు రెండు వైపులా ఫోటో తీసి పంపు. దాని వెనుక ఏదైనా చెల్లింపు రాసి సంతకం చేసి ఉంటే గడువు లెక్క మారుతుంది. తెనాలి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో విలువ ధ్రువపత్రానికి అక్కయ్య చేత దరఖాస్తు పెట్టించు. సర్వేయరు పటం వచ్చాక, ప్లీడరుగారు రాసిన దావా పత్రంలోని విలువ పేరా నాకొకసారి పంపితే సరిచూసి పెడతాను.

ఇట్లు,
మీ మామయ్య